యూరప్ రైలు పాస్ కొనే ముందు ఇంట్లో వాళ్ల వయసులు చూసుకోండి

అందరికీ నమస్కారమండీ. మొన్న వేసవిలో మేము పారిస్, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్, వెనిస్, రోమ్ తిరిగొచ్చాం. మొత్తం రైళ్లలోనే. నేను, మావారు, 63 ఏళ్ల మా అత్తయ్య, 13 ఏళ్ల పాప, 9 ఏళ్ల బాబు. హైదరాబాద్‌లో బయల్దేరే ముందు ఒక్క విషయం నాకు నెల రోజులు నిద్ర లేకుండా చేసింది. చాలా దేశాల రైళ్లకి కలిపి ఒకటే ఇచ్చే యూరైల్ పాస్ తీసుకోవాలా, ఏ టికెట్‌కి ఆ టికెట్ కొనుక్కోవాలా? ఇప్పుడు లెక్క స్పష్టంగా తెలిసింది కాబట్టి చెబుతున్నాను.

ముందు యూరైల్ గ్లోబల్ పాస్ సంగతి. 33 దేశాల్లో చెల్లుతుంది. మనలాంటి వాళ్లు ఎక్కువగా తీసుకునేది నెలలో 4, 5 లేదా 7 రోజులు ప్రయాణించే రకం. ట్రావెల్ డే అంటే ఆ రోజు అర్ధరాత్రి వరకు ఎన్ని రైళ్లైనా ఎక్కొచ్చు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటున్న మన పిల్లలకి మాత్రం ఇది రాదు, వాళ్లకి ఇంటర్‌రైల్ అని వేరే ఉంది. ఇండియా నుంచి వెళ్లే అమ్మానాన్నలు యూరైల్, వాళ్లు ఇంటర్‌రైల్ తీసుకుని ఒకే రైల్లో కలిసి వెళ్లొచ్చు.

అసలు విషయం వయసులండీ. యూరైల్‌లో 4 నుంచి 11 ఏళ్ల పిల్లలకి పాస్ ఉచితం, ఒక్కో పెద్దవాళ్లతో ఇద్దరు పిల్లల వరకు. అంటే మా బాబుకి ఉచితం. పాపకి 12 దాటాయి కాబట్టి యూత్ పాస్ డబ్బులిచ్చి కొనాలి. అత్తయ్యకి 60 దాటాయి, సీనియర్ కింద 10 శాతం తగ్గుతుంది. ఇప్పుడు స్విట్జర్లాండ్ లోపల తిరగడానికి ఇచ్చే స్విస్ ట్రావెల్ పాస్ చూడండి. అక్కడ అమ్మతోనో నాన్నతోనో వెళ్తే 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకి స్విస్ ఫ్యామిలీ కార్డు ఉచితం. ఇదే పాప అక్కడ పైసా లేకుండా వెళ్తుంది! అత్తయ్యకి మాత్రం తగ్గింపేమీ లేదు, పూర్తి ధర కట్టాం. ఒకే కుటుంబం, రెండు పాసులు, లెక్కలు తారుమారు. అందుకే ఎన్ని దేశాలు అన్నది కాదు, ముందు ఇంట్లో వాళ్ల వయసులు ఒక కాగితం మీద రాసుకోండి.

రెండోది, పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లోపల తిరిగే చాలా రైళ్లలో నేరుగా ఎక్కి కూర్చోవచ్చు. ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా, లండన్ వెళ్లే యూరోస్టార్, ఈ హైస్పీడ్ రైళ్లకి రిజర్వేషన్ తప్పనిసరి, దానికి వేరే డబ్బులు. ఉచిత పాస్ ఉన్న బాబుకి కూడా సీటు డబ్బు కట్టాల్సిందే. పైగా కొన్ని రైళ్లలో పాస్ వాళ్లకి కేటాయించే సీట్లు కొన్నే ఉంటాయి. ఐదుగురికి ఒకే రైల్లో దొరకాలంటే ముందే చూసుకోవాలి. ఇటలీలో ఇటాలో అనే కంపెనీ రైళ్లు అసలు ఈ పాస్‌లోకే రావు.

మా రూట్‌లో దూర ప్రయాణాలు నాలుగే. అందుకని యూరైల్ వదిలేశాం. పారిస్ గార్ దె లియోన్ స్టేషన్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి టీజీవీ టికెట్లు ముందే కొన్నాం. ఇటలీలో కూడా అంతే, తొందరగా కొంటే ధర బాగా తగ్గుతుంది. మధ్యలో స్విట్జర్లాండ్‌కి 4 రోజుల స్విస్ పాస్. అది ఇటలీ వైపు సరిహద్దు దగ్గరి డొమొడొస్సొలా అనే ఊరి వరకే పనిచేస్తుంది, అక్కడి నుంచి మిలాన్‌కి టికెట్ వేరేగా తీసుకున్నాం.

ఆ నాలుగు రోజులు ఎంత హాయిగా గడిచాయో చెప్పాలి. పాస్ చూపిస్తే రైలు, బస్సు, సరస్సు మీద పడవ, అన్నీ అందులోనే. అత్తయ్యకి మోకాళ్ల నొప్పి, ఎక్కువ నడవలేరు. థూన్ సరస్సులో పడవ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు, దిగాల్సిన రేవు వచ్చినా "ఇంకాసేపు ఉందామే" అన్నారు. టికెట్ గొడవ లేదు కదా, అలాగే ముందుకెళ్లాం. ఇంకోటి, అక్కడి కొన్ని డబుల్ డెక్కర్ రైళ్లలో చివరి పెట్టె పైఅంతస్తులో పిల్లలకి జారుడుబల్ల ఉంటుంది. మా బాబు బెర్న్ వచ్చేదాకా దాని మీదే ఉన్నాడు. కానీ మంచుకొండల మీదికి రైల్లో వెళ్లే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మొత్తం ఉచితం అనుకోకండి. పాస్ దారిలో వచ్చే గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ ఊళ్ల వరకే, ఆ పైన 25 శాతం తగ్గింపు మాత్రమే. రిగి కొండకి మాత్రం రైలు పూర్తిగా పాస్‌లోనే.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. మేము స్విస్ పాసులు ఒక ఏజెంటు ద్వారా తీసుకున్నాం. పాప పేరులో ఇంటిపేరు పడలేదు, ప్రయాణానికి వారం ముందు చూసుకున్నాం. మళ్లీ సరిచేయించేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. మన ఇంటిపేర్లు పొడుగ్గా ఉంటాయి కదండీ, పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి.

మీరు యూరైలే తీసుకుంటే, ఫోన్ యాప్‌లో ఆ రోజు ఎక్కబోయే రైలుని పాస్‌లో చేర్చాకే ఎక్కండి. చేర్చకుండా ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా అంటూ రోజు మార్చి రోజు ఊరు మారే వాళ్లకి, 12 ఏళ్లు నిండని పిల్లలు ఉన్నవాళ్లకి అది చాలా బాగా కలిసొస్తుంది.

యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా చేతికి రాకముందే వెనక్కి ఇవ్వని చౌక టికెట్లు మాత్రం కొనకండి. మేము వీసా స్టాంపు చూశాక, అదే రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని టీజీవీ టికెట్లు బుక్ చేశాం.