డ్వేన్ ఆల్మన్: అందరూ భోజనానికి వెళ్లినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

గిటార్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది వేగం. వేళ్లు ఎంత జోరుగా పరిగెడితే అంత గొప్ప వాయిద్యం అనుకుంటాం. చప్పట్లు కూడా సరిగ్గా అక్కడే పడతాయి. నేను ఇవాళ చెప్పబోయే కుర్రాడికి ఆ వేగమూ ఉంది. అయినా అతన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేవి అతని చెవులు. ముందు వినేవాడు, తర్వాత వాయించేవాడు. ఈ మాట ఇవాళ మళ్లీ మళ్లీ అంటాను, విసుక్కోకండి.

పేరు డ్వేన్ ఆల్మన్. 1946లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం, నాష్‌విల్‌లో పుట్టాడు. మూడేళ్లప్పుడే తండ్రి హత్యకు గురయ్యాడు. తల్లి ఇద్దరు మగపిల్లల్ని ఒంటరిగా పెంచి, 1959లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌కి మకాం మార్చింది. గిటార్ ముందు కొనుక్కున్నది తమ్ముడు గ్రెగ్. అన్నకి మోటార్ సైకిల్ పిచ్చి. ఆ బండి కాస్తా పాడు చేసి, విడిభాగాలు ఇచ్చేసి గిటార్ తెచ్చుకున్నాడు. మొదటి పాఠాలు తమ్ముడి దగ్గరే నేర్చుకుని, కొద్దికాలానికే తమ్ముణ్ని దాటిపోయాడు. పాడటం మాత్రం చివరిదాకా తమ్ముడి వంతే. బాల్యం ఇంతటితో ఆపేస్తాను. నాకిచ్చిన సమయం తక్కువ, చెప్పాలనుకున్న ముచ్చట పెద్దది.

1968 చివరికి వద్దాం. అలబామా రాష్ట్రంలో టెనెస్సీ నది పక్కన మజిల్ షోల్స్ అని ఒక చిన్న ఊరు. అక్కడ రిక్ హాల్ అనే ఆయన నడిపే ఫేమ్ స్టూడియో. ఊరు చిన్నదే గానీ ఆ స్టూడియోలో రికార్డయిన పాటలు దేశమంతా మోగేవి. పాడేవాళ్లు ఎక్కువగా నల్లజాతి గాయకులు. వాయించేవాళ్లు ఎక్కువగా ఆ చుట్టుపక్కల పెరిగిన తెల్లవాళ్లు. బయట ఒకే బల్ల దగ్గర కూర్చోవడం కష్టమైన రోజుల్లో, లోపల తలుపులు వేసుకుని కలిసి పాటలు చేసేవాళ్లు.

అక్కడికి డ్వేన్ వచ్చాడు. పొడుగు జుట్టు, బుగ్గ మీసాలు. అంతకుముందు తమ్ముడితో కలిసి లాస్ ఏంజెలిస్ వెళ్లి, ఒక బ్యాండ్‌లో వాయించి, కంపెనీ వాళ్లు చెప్పినట్టల్లా వాయించలేక విసిగి వెనక్కొచ్చినవాడు. పని దొరికేదాకా స్టూడియో ముందు కార్లు నిలిపే చోటే గుడారం వేసుకుని ఉన్నాడని రిక్ హాల్ చెప్పేవాడు.

నవంబర్‌లో విల్సన్ పికెట్ పాడటానికి వచ్చాడు. పికెట్ అలబామాలోనే పుట్టిన నల్లజాతి గాయకుడు. ఆ గొంతు వింటే ఈయనకి మైకు ఎందుకు పెట్టారా అనిపిస్తుంది. కానీ ఆ రోజు పాడటానికి సరైన పాట దొరకలేదు. మధ్యాహ్నమైంది. అందరూ భోజనానికి లేచారు. ఇద్దరు తప్ప.

ఎందుకు ఆగిపోయారు? అది 1968. హోటళ్లలో జాతిని బట్టి మనుషుల్ని వేరు చేయకూడదని చట్టం వచ్చి అప్పటికి నాలుగేళ్లు. చట్టమైతే వచ్చింది గానీ చూసే చూపు మారలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో పక్క రాష్ట్రంలో, మెంఫిస్‌లో, మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. తెల్లవాళ్లతో కలిసి ఒక నల్లవాడు హోటల్లో అడుగుపెడితేనే గుడ్లప్పగించి చూసేవాళ్లు. పక్కన పొడుగు జుట్టు హిప్పీ కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. గొడవెందుకని పికెట్, డ్వేన్ స్టూడియోలోనే ఉండిపోయారు. ఒకరికి రంగు అడ్డం, ఇంకొకరికి జుట్టు అడ్డం. రెండూ సమానమని నేను అనను. జుట్టు కత్తిరించుకోవచ్చు.

మిగతావాళ్లు తినేసి వచ్చేసరికి పాట దొరికింది. ఏ పాట? బీటిల్స్ వాళ్ల 'హే జూడ్'. విడుదలై కొద్ది నెలలే అయింది, ప్రపంచమంతా అదే మోగుతోంది. రిక్ హాల్‌కి మతిపోయింది. వాళ్ల పాట చార్టుల్లో పైన కూర్చుని ఉండగా, మళ్లీ అదే పాట మనం పాడితే ఎవరు కొంటారు అన్నాడు. సరిగ్గా అందుకే పాడాలి అన్నాడు డ్వేన్. స్టూడియో యజమాని ఒకవైపు, గుడారం కుర్రాడు ఒకవైపు. గెలిచింది కుర్రాడు.

ఇప్పుడు ఆ పాట ఎలా ఉంటుందో చెప్తాను. మొదటి సగం నెమ్మది. పికెట్ చర్చిలో పాడుతున్నట్టు పాడతాడు. గిటార్ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఒక చిన్న పలుకు, అంతే. మాట మొదలవగానే తప్పుకుంటుంది. మన కచేరీల్లో మంచి వయొలిన్ విద్వాంసుడు గాయకుడి పక్కన కూర్చుని ఏం చేస్తాడో అదే చేశాడు డ్వేన్. ముందు విన్నాడు, తర్వాత వాయించాడు. ఇక బీటిల్స్ పాట చివర్లో గుంపుగా పాడే భాగం ఒకటి ఉంటుంది, చాలామందికి ఆ వరస నోటికొచ్చు. అక్కడికొచ్చేసరికి పికెట్ ఒక్క కేక పెడతాడు. ఒళ్లు జలదరించే కేక. దాంతో గిటార్ లేచి నిలబడుతుంది. పికెట్ అరుస్తాడు, గిటార్ అరుస్తుంది. పికెట్ ఒక మెట్టెక్కితే, గిటార్ ఆ మెట్టు మీదికొచ్చి పై మెట్టు చూపిస్తుంది. ఎవరు ఎవర్ని పైకి తోస్తున్నారో చెప్పడం కష్టం. పాట అలా మండుతుండగానే సన్నగిల్లి ఆగిపోతుంది. అప్పుడే ఎందుకు ఆపేశారని నాకు ఇప్పటికీ కోపం.

ఆ రోజు అదే గదిలో గిటార్ వాయించిన జిమ్మీ జాన్సన్, సదరన్ రాక్ అనేది ఆ పాట చివర్లోనే పుట్టిందని తర్వాత అనేవాడు. సదరన్ రాక్ అంటే మరేం లేదు, దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివాళ్ల బ్లూస్, పల్లెల కంట్రీ పాటలు, చర్చి పాటలు కలిసి రాక్‌లోకి దిగడం. గ్రెగ్‌కి ఈ పేరే నచ్చేది కాదు. రాక్ పుట్టిందే సౌత్‌లో, మళ్లీ సదరన్ రాక్ ఏమిటి అనేవాడు.

రిక్ హాల్ న్యూయార్క్‌లో ఉన్న అట్లాంటిక్ రికార్డ్స్ పెద్ద జెర్రీ వెక్స్‌లర్‌కి ఫోన్ చేసి, ఈ పాటని ఫోన్లోనే వినిపించాడు. అప్పటి ఫోన్లో ఏం వినబడి ఉంటుందో మీరే ఊహించుకోండి. అయినా ఆ గిటార్ ఎవరిదని ఆయన ఆరా తీశాడు. అప్పటికే పెద్ద పేరున్న ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఈ పాట కారు రేడియోలో విని, బండి పక్కకి ఆపి, ఎవరీ గిటార్ అని కనుక్కున్నాడు. రేడియో చేసిన పని అది. రేడియోలో కూర్చున్నాను కాబట్టి ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి.

డ్వేన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే రెండోది స్లైడ్. తీగని మెట్టు మీద అదమకుండా, గాజునో లోహాన్నో తీగ మీద జార్చుతూ వాయించడం. మన గోటువాద్యంలో కొయ్య కడ్డీతో చేసేది ఇదే. స్వరం నుంచి స్వరానికి గెంతు ఉండదు, జారుడు ఉంటుంది. అందుకే అది మనిషి గొంతులా వినిపిస్తుంది. డ్వేన్‌కి ఇది ఎలా పట్టుబడిందో గ్రెగ్ చెప్పేవాడు. గుర్రం మీంచి పడి డ్వేన్ ఎడమ మోచేతికి దెబ్బ తగిలింది. తప్పంతా తమ్ముడిదేనని కోపం తెచ్చుకుని మాటలు మానేశాడు. పుట్టినరోజు నాడు గ్రెగ్ రెండు వస్తువులు అన్న గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి పారిపోయాడు. ఒకటి తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి రికార్డు. నిజంగానే ఆయన పెట్టుకున్న పేరు అది. రెండోది జలుబు మాత్రల సీసా, కోరిసిడిన్. కాసేపటికి అన్న నుంచి ఫోన్, వెంటనే రమ్మని. వెళ్లి చూస్తే మాత్రలు బల్ల మీద పోసి ఉన్నాయి. సీసా లేబుల్ కడిగేసి ఉంగరం వేలికి తొడుక్కుని, రికార్డులో ఉన్న స్లైడ్‌ని వింటూ వాయిస్తున్నాడు. అలకా పోయింది, చేతికి పనీ దొరికింది.

1969 మార్చిలో ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ మొదలైంది. ఆరుగురు. ఇద్దరు డ్రమ్మర్లు, వాళ్లలో ఒకరైన జైమో నల్లజాతివాడు. డ్వేన్ పక్కన డికీ బెట్స్ అనే ఇంకో గొప్ప గిటారిస్టు. అందరూ కలిసి మేకన్ అనే ఊళ్లో మకాం పెట్టారు. అది జార్జియా రాష్ట్రంలో ఉంది. జేబులో డబ్బుల్లేవు. అక్కడ లూయీజ్ హడ్సన్ అనే నల్లజాతి మహిళ చిన్న హోటల్ నడిపేది. తక్కువ ప్లేట్లు చెప్పి పంచుకు తింటున్న ఈ కుర్రాళ్లని చూసి, డబ్బులు లేకపోయినా అందరికీ వడ్డించింది. ఊళ్లో అందరూ ఆమెని మామా లూయీజ్ అనేవాళ్లు. పికెట్‌తో కలిసి భోజనానికి బయటికెళ్లలేకపోయిన డ్వేన్‌కి, తెల్లా నల్లా కలిసిన బ్యాండ్‌తో కూర్చుని తినడానికి ఒక బల్ల అక్కడ దొరికింది. ఈ బ్యాండ్ కథలో నాకు బాగా ఇష్టమైన మనిషి ఆవిడే.

1970 ఆగస్టులో మయామీలో క్లాప్టన్ ఈ బ్యాండ్ కచేరీకి వచ్చి వేదిక ముందే కూర్చున్నాడు. వాయిస్తూ వాయిస్తూ తల దించి చూసిన డ్వేన్‌కి చేతులు ఆగిపోయాయి. అంత టెన్షన్. డికీ బెట్స్ వెంటనే అందుకుని పాట నడిపించాడు. ఆ పరిచయంతోనే డ్వేన్ వెళ్లి క్లాప్టన్ 'లైలా' రికార్డులో వాయించాడు. 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్‌లో చేసిన కచేరీలు జూలైలో ఆల్బమ్‌గా వచ్చి, బ్యాండ్‌కి దేశమంతా పేరు తెచ్చాయి.

అక్టోబర్ 29న మేకన్‌లోనే మోటార్ సైకిల్ మీద వెళ్తూ, ఎదురైన లారీని తప్పించబోయి పడి, ప్రాణాలు కోల్పోయాడు డ్వేన్. 24 ఏళ్లు. అది పీచ్ పండ్ల లారీ అని ఒక కథ ప్రచారంలో ఉంది, నిజం కాదు. మరుసటి ఏడాది నవంబర్‌లో అదే బ్యాండ్ బేస్ గిటారిస్టు బెరీ ఓక్లీ కూడా, ఆ చోటికి దగ్గర్లోనే, మోటార్ సైకిల్ ప్రమాదంలోనే పోయాడు. ఇద్దరి సమాధులూ రోజ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే ఉన్నాయి. అన్న పోయాక గ్రెగ్ దశాబ్దాల పాటు బ్యాండ్‌ని నడిపి, 2017లో కన్నుమూశాడు.

డ్వేన్ బాణీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందంటే నేను డెరెక్ ట్రక్స్ పేరు చెప్తాను. బ్యాండ్ డ్రమ్మర్ బుచ్ ట్రక్స్ అన్న కొడుకో తమ్ముడి కొడుకో, మొత్తానికి ఆ ఇంటి పిల్లాడే. డ్వేన్ పోయాక పుట్టినవాడు. ఇతను స్లైడ్‌తో పాటు ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ కాలిఫోర్నియాలో పెట్టిన సంగీత కళాశాలలో హిందుస్తానీ కూడా నేర్చుకున్నాడు. అతని స్లైడ్‌లో మీండ్, అంటే హిందుస్తానీలో స్వరం నుంచి స్వరానికి జారే తీరు, వినిపిస్తే ఆశ్చర్యపోకండి.

సమయం అయిపోవస్తోంది. ఒక్క పని చెప్తాను. విల్సన్ పికెట్ పాడిన 'హే జూడ్' వినండి. ఫోన్ స్పీకర్లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. నాలుగు నిమిషాల పాట, రెండుసార్లు వినండి. మొదటిసారి పికెట్ గొంతు వెంట వెళ్లండి. రెండోసారి గొంతుని వదిలేసి గిటార్‌ని మాత్రమే పట్టుకోండి. కేక ఎప్పుడొస్తుందా అని పాటని ముందుకి జరపకండి. మొదటి సగంలో అతను ఎంత తక్కువ వాయించాడో విన్నాకే రెండో సగం రుచి తెలుస్తుంది. అది నచ్చితే ఫిల్మోర్ ఈస్ట్ ఆల్బమ్‌లో మొదటి పాట, 'స్టేట్స్‌బరో బ్లూస్', పెట్టుకోండి. తమ్ముడిచ్చిన తాజ్ మహల్ రికార్డులో డ్వేన్ విన్నది ఈ పాటే. అదే ఆల్బమ్ చివర్లో దాదాపు 23 నిమిషాల పాట ఒకటి ఉంది, దాన్ని ఆదివారానికి ఉంచుకోండి.