ఐదు నిమిషాల పరుగు కోసం పదకొండు నెలలు

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇప్పుడు తెల్లవారుజామున ఐదు గంటలు. కపిలతీర్థం దగ్గర మా అమ్మ వాళ్ళ ఇంటి డాబా మీద కూర్చుని మాట్లాడుతున్నాను. పిన్నమ్మలు, అత్తలు ఫోను చేసినప్పుడల్లా అడిగేది ఒకటే: "గుర్రం ఎక్కుతున్నావా, లేదా?" ఈ వీడియో వాళ్ళ కోసమే.

అరగంట క్రితం, అమెరికాలో నేనుండే కెంటకీ నుంచి ఫోనుకు ఒక వీడియో వచ్చింది. అక్కడ రాత్రి ఏడు. మా చుక్క జీను మీద మనిషితో ట్రాట్ చేసింది! నడకకూ దౌడుకూ మధ్య ఉండే చిన్న పరుగును అక్కడ ట్రాట్ అంటారు. పదకొండు నెలలు ఎదురుచూసిన రోజు వచ్చింది, నేను మాత్రం అక్కడ లేను.

చుక్క గోధుమరంగు ఆడగుర్రం. నుదుటి మీద తెల్లమచ్చ, అందుకే ఆ పేరు. ఆ ఊళ్ళో మొదటి ఏడాది నాకు సాయంత్రాలు గడిచేవి కావు. తెలుగులో మాట్లాడే మనిషి దొరక్క దీనితో మాట్లాడేదాన్ని. "నిదానం" అంటే అడుగు తగ్గించడం అప్పుడే నేర్చుకుంది.

పోయిన నవంబరులో బురదలో జారి ముందుకాలు దెబ్బతీసుకుంది. గుర్రానికి మోకాలి కింద, కాలి వెనకవైపు చేతికి తాడులా తగిలేదాన్ని టెండన్ అంటారు. స్కానులో దాని నడిమధ్య నల్లటి మచ్చ కనిపించింది. ఒక్కో స్కానుకు 350 డాలర్లు, అంటే దాదాపు 30 వేల రూపాయలు. ఇప్పటికి నాలుగు తీయించాను. గుర్రపుశాల అద్దె నెలకు 60 వేల దాకా అవుతుంది. అమ్మకు ఈ లెక్క చెప్పిన రోజు మా ఇంట్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ గుర్రపుశాలలో నాకు మొదట కోపం తెప్పించి, తర్వాత గౌరవం కలిగించినది గోడ మీద పలక. దాని మీద రోజుకు ఎన్ని నిమిషాలో రాసి ఉంటుంది. తాడు పట్టుకుని నడిపించడం మొదట 5 నిమిషాలు, కొన్ని వారాలకు 10, తర్వాత 15. గుర్రం ఎంత హుషారుగా ఉన్నా ఒక్క నిమిషం ఎక్కువ నడపనివ్వరు. గుండ్రంగా తిప్పనివ్వరు, చిన్న వలయంలో తిరిగితే ఆ కాలి మీద బరువు పెరుగుతుంది.

ఇక్కడి వెటర్నరీ కాలేజీలో పనిచేసి రిటైరైన మా చిన్నాన్నకు స్కాను బొమ్మలు చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసి, ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు. "కండ, ఊపిరి వారాల్లో పుంజుకుంటాయమ్మా. టెండన్‌కు నెలలు కావాలి. కొత్తగా పుట్టిన పోగులు ముందు చిందరవందరగా ఉంటాయి. కొలిచినట్టు బరువు వేస్తేనే అవి ఒక వరుసకు వస్తాయి. గుర్రం ఉత్సాహం చూసి తొందరపడితే మళ్ళీ అక్కడే తెగుతుంది" అన్నారు. ఆ పలక వెనకున్న శాస్త్రం నాకు మా ఇంటి వరండాలో అర్థమైంది.

జూన్‌లో మళ్ళీ జీను వేసినప్పుడు మరో చిక్కు. ఇన్ని నెలల్లో వీపు కండ కరిగిపోయి, పాత జీను మూపు ఎముకను తాకుతోంది. జీను సరిచేసే ఆవిడ వచ్చి చేతులతో వీపంతా తడిమి మెత్తలు మార్చింది. పదివేలు తీసుకుంది, ఆ పనికి తగిన డబ్బే. మొదటి రోజు బల్ల మీద నుంచి మెల్లగా ఎక్కాను. ఒకరు పక్కన తాడు పట్టుకున్నారు. పది నిమిషాలు నడిచి దిగిపోయాను. మెడ మీద చెయ్యి వేసి ఏడ్చాను.

మొన్న బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి, అశ్వవాహనం చూడటానికి అమ్మ, నేను కొండకు వెళ్ళాం. స్వామి కల్కి అలంకారంలో వస్తున్నారు. జనమంతా గోవింద నామం చెబుతున్నారు. నా కళ్ళు వాహనం ముందుకాళ్ళ మీద నిలిచిపోయాయి. ఏం మొక్కుకున్నానో ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక వీడియో. శాల యజమానురాలు ఎక్కారు. గట్టినేల, తిన్నని దారి. మొత్తం ఐదు నిమిషాలు, అదీ రెండు విడతలుగా. రెండో విడతలో గాలి వీచి చుక్క వేగం పెంచింది. ఆవిడ జీను మీద నుంచి "నిడానం, నిడానం" అన్నారు. ఒక చెవి వెనక్కి తిరిగింది. అడుగు తగ్గింది.

దిగాక, దెబ్బ తగిలిన చోట వేడెక్కిందేమోనని రెండు ముందుకాళ్ళనూ అరచేత్తో పైనుంచి కిందికి తడిమి చూశారు. రెండూ ఒకేలా చల్లగా ఉన్నాయట. రేపు ఉదయం మళ్ళీ చూసి చెబుతారు.

అమ్మ కాఫీ తెచ్చింది. చెవి తిప్పే చోటు మళ్ళీ పెట్టమంటోంది.