కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ సోర్స్ చేయాలంటే అసలు పని ఎక్కడుంటుంది?

[స్క్రీన్ మీద లాగిన్ బాక్స్. యూజర్‌నేమ్: పొలిటికల్లీ. పాస్‌వర్డ్: కరెక్ట్. డేటాబేస్ తెరుచుకుంటుంది.]

ఒకప్పుడు ఇంటర్‌బేస్ అనే డేటాబేస్ ఏ సర్వర్‌లో ఉన్నా సరే, ఈ రెండు మాటలు తెలిస్తే లోపలికి వెళ్లిపోవచ్చు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చుకున్నా లాభం లేదు, ఇది కోడ్‌లోనే రాసిపెట్టి ఉంది. బోర్లాండ్ కంపెనీ 2000లో ఆ కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేసింది, అంటే ఎవరైనా చూసి మార్చుకునేలా బయట పెట్టింది. దాని నుంచి పుట్టిన ఫైర్‌బర్డ్ ప్రాజెక్టులోని ఒక డెవలపర్ కంట్లో ఈ దొంగదారి పడింది. 2001 జనవరిలో సంగతి బయటికొచ్చింది. అప్పటికే ఏళ్ల తరబడి కస్టమర్ల దగ్గర అదే నడుస్తోంది.

పదిమందీ చూస్తే తప్పులు దొరుకుతాయనడానికి దీన్ని ఉదాహరణగా చెబుతుంటారు. నిజమే. కానీ రేపు తన కోడ్ బయట పెట్టబోయే కంపెనీ ఈ కథ వింటే టెన్షన్ మొదలవుతుంది. పాత కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం రాసి వెళ్లిపోయారో ఎవరికి గుర్తుంటుంది?

[స్క్రీన్ మీద గిట్ లాగ్ కిందకి జరుగుతూ ఉంటుంది.]

అందుకే మొదట చేయాల్సింది ఇల్లు సర్దుకోవడం. పాస్‌వర్డ్‌లు, సర్టిఫికెట్లు, కస్టమర్ల పేర్లు, కామెంట్లలో కోపంతో రాసిన మాటలు, అన్నీ వెతకాలి. ఇవాళ్టి ఫైల్‌లో పాస్‌వర్డ్ తీసేశాం కదా అనుకుంటే కుదరదు, కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ అనే టూల్ చరిత్రలో అది అలాగే ఉంటుంది. ఒకసారి అందులో పడిన పాస్‌వర్డ్‌ని మార్చేయడమే మంచిది. చాలా కంపెనీలు ఈ తలనొప్పంతా ఎందుకని పాత చరిత్ర మొత్తం వదిలేసి, ఒకే ఒక్క కమిట్‌తో (మార్పు నమోదుతో) కొత్త రిపో (కోడ్ దాచే చోటు) తెరుస్తాయి. సేఫే. కాకపోతే "ఈ లైన్ ఇలా ఎందుకు రాశారు?" అన్న ప్రశ్నకు జవాబు కూడా దాంతోపాటే పోతుంది. పని ఎక్కువైనా చరిత్ర ఉంచడమే మేలని నా అభిప్రాయం.

ఇక మనది కాని కోడ్ సంగతి. 1997 డిసెంబర్‌లో డూమ్ గేమ్ సోర్స్ కోడ్ ఇచ్చినప్పుడు సౌండ్ భాగం ఇవ్వలేకపోయారు, అది వేరేవాళ్ల దగ్గర లైసెన్స్ మీద తెచ్చుకున్న లైబ్రరీ. 2007లో సన్ కంపెనీ తన జావా ప్రోగ్రామింగ్ భాష కోడ్‌ని తెరిచినప్పుడూ ఇదే చిక్కు. ఫాంట్లు గీసే భాగం, సౌండ్ ఇంజిన్ లాంటివి కొన్ని ఇచ్చే హక్కు సన్‌కి లేదు. వాటి బదులు కొత్త కోడ్ పెట్టాల్సి వచ్చింది. ఇలాంటివి చివరి వారంలో బయటపడితే విడుదల నెలలు వెనక్కి పోతుంది. కాబట్టి లాయర్‌ని ముందే కూర్చోబెట్టండి.

లైసెన్స్, అంటే కోడ్‌ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే షరతుల గురించి గంటలు గంటలు వాదించుకోవచ్చు, ఇక్కడ ఒక్క మాటే చెబుతాను. జీపీఎల్, అపాచీ, ఎంఐటీ, ఎంపీఎల్ లాంటి తెలిసిన వాటిలో ఒకటి తీసుకోండి, సొంతంగా రాసుకోవద్దు. బయటివాళ్లు కోడ్ ఇచ్చేటప్పుడు "రేపు దీన్ని మేం ఏ లైసెన్స్ కిందకైనా మార్చుకుంటాం" అని సంతకం పెట్టించుకునే కంపెనీలున్నాయి. చట్టం ఒప్పుకుంటుంది. అయితే ఆ కాగితం చూసి వెనక్కి తిరిగేవాళ్లూ తక్కువేం కాదు.

[స్క్రీన్ మీద ఖాళీ ల్యాప్‌టాప్. బిల్డ్ కమాండ్ కొట్టగానే ఎర్ర అక్షరాలు.]

విడుదలకు ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. కొత్త ల్యాప్‌టాప్ తీసుకుని, కంపెనీ వీపీఎన్ లేకుండా, రీడ్‌మీ (కోడ్‌తో పాటు ఇచ్చే సూచనల ఫైల్) ఒక్కటే చూసి బిల్డ్ చేయండి, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారుచేయండి. ఆఫీసు లోపలి సర్వర్ ఎక్కడో ఒకచోట అడ్డుపడుతుంది, పందెం.

ఇవన్నీ అయ్యాక కోడ్ అందరికీ కనిపిస్తుంది. కానీ కమ్యూనిటీ ఇంకా పుట్టలేదు. తర్వాతి వెర్షన్‌లో ఏముండాలో ఇంకా ఆఫీసు మీటింగ్‌లోనే తేలుతుంటే, బయటివాడు పంపిన పుల్ రిక్వెస్ట్ (తన మార్పు కలుపుకోమనే అభ్యర్థన) మూడు నెలలు అలాగే పడి ఉంటే, అది అద్దాల గదిలో నడుస్తున్న కంపెనీ ప్రాజెక్టే. చూడొచ్చు, ముట్టుకోకూడదు.

డాక్యుమెంట్లు, లెక్కల షీట్లు చేసుకునే ఓపెన్‌ఆఫీస్‌నే చూడండి. సన్ 2000లో ఆ కోడ్ తెరిచింది. 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. ప్రాజెక్టు ఏమవుతుందోనని భయపడి, అదే ఏడాది సెప్టెంబర్‌లో చాలామంది డెవలపర్లు విడిపోయి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. కోడ్ పట్టుకెళ్లగలిగారు, పేరు మాత్రం పట్టుకెళ్లలేకపోయారు. ట్రేడ్‌మార్క్ కంపెనీది మరి. ప్రోగ్రామర్లు కోడ్ రాసుకునే ఎక్లిప్స్ అనే టూల్ విషయంలో ఐబీఎం జాగ్రత్తపడింది. 2001లో కోడ్ ఇచ్చింది, పోటీ కంపెనీలు దాన్ని ఐబీఎం సొత్తుగానే చూస్తుంటే 2004లో ప్రాజెక్టుని స్వతంత్ర ఫౌండేషన్ చేతికి అప్పగించింది. ట్రేడ్‌మార్క్ ఎవరిది, కోడ్‌లో నేరుగా మార్పులు కలిపే కమిట్ హక్కు ఎవరికి, గొడవ వస్తే చివరి మాట ఎవరిది? ఈ మూడూ మొదటి రోజే రాసిపెట్టి ఉంటే సగం గొడవలు రావు. కంపెనీలో ఉద్యోగి కానివాళ్లకు కమిట్ హక్కు ఎప్పుడిస్తారన్నదీ అందులోనే ఉండాలి.

మీ మేనేజర్ "ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగితే నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ లెక్క చూపించండి. 1998 మార్చి 31న కోడ్ విడుదలైంది. ఆ ఏడాది చివరికల్లా వెబ్ పేజీలు చూపించే పాత ఇంజిన్ పనికిరాదని తేల్చుకుని కొత్తది పట్టుకున్నారు. మధ్యలో కంపెనీ ఏఓఎల్ చేతికి పోయింది, 2003లో ఆ ప్రాజెక్టుని నడిపే మొజిల్లా ఫౌండేషన్ విడిగా ఏర్పడింది. ఆ ప్రాజెక్టు నుంచి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 1.0 వచ్చింది 2004 నవంబర్‌లో.