రెండక్షరాల మాటల బలం

నిర్వాహకురాలు: అక్షరాల బిళ్లలతో బోర్డు మీద మాటలు పేర్చే స్క్రాబుల్ ఆటలో గెలవాలంటే భారీ ఇంగ్లిష్ మాటలు తెలిసి ఉండాలని చాలామంది అనుకుంటారు. మీరు మాత్రం ముందు రెండక్షరాల మాటలు నేర్చుకోమంటారు. ఎందుకండీ?

అతిథి: పెద్ద మాట తెలిసినా దాన్ని పెట్టడానికి బోర్డు మీద చోటు దొరకాలి కదండీ. ఆ చోటు చిన్న మాటల వల్లే దొరుకుతుంది. బోర్డు మీదున్న మాటకు ఆనుకొని మన మాటను సమాంతరంగా పేర్చినప్పుడు, ఒకదాని కింద ఒకటి పడిన ప్రతి అక్షరాల జంటా ఆటలో చెల్లే మాట కావాలి. ఏ మాటలు చెల్లుతాయో చెప్పే జాబితాలు ఉంటాయి; అటువంటి జంటలు 2018 నాటి ఉత్తర అమెరికా జాబితాలో 107, 2019 నాటి కాలిన్స్ నిఘంటువు జాబితాలో 127 ఉన్నాయి. అంతకన్నా లాభసాటి చదువు ఈ ఆటలో మరొకటి లేదని నా అభిప్రాయం.

నిర్వాహకురాలు: క్యూ అక్షరం చేతికి వస్తే మాత్రం, యూ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చోవలసి వస్తుంది.

అతిథి: అవసరం లేదండీ. చైనా సంప్రదాయంలో ప్రాణశక్తిని సూచించే క్యూ–ఐ అనే మాట 2006లో జాబితాల్లో చేరాక క్యూ భారం చాలావరకు తీరింది. క్యూ విలువ 10, ఐ విలువ 1. అక్షరం విలువను మూడింతలు చేసే గడిలో క్యూ పడి, అడ్డంగానూ నిలువుగానూ క్యూ–ఐ ఏర్పడితే, ఒక్కో వైపు 31 చొప్పున ఆ రెండు మాటలకే 62 పాయింట్లు వస్తాయి. యూ లేని క్యూ మాటల్లో చాలావాటిని మనం గుర్తుపట్టగలం కూడా. అరబిక్‌లో గొంతు లోపలి నుంచి పలికే ఒక అక్షరాన్ని రోమన్ లిపిలో క్యూతో రాసే అలవాటు వల్ల ఫకీర్, నికాబ్, తలాక్ వంటి మాటలు క్యూతో చెల్లుతాయి. ఫకీర్‌ను కే అక్షరంతో రాసినా తప్పు కాదు కాబట్టి, చేతిలో ఏది ఉంటే అది వాడుకోవచ్చు.

నిర్వాహకురాలు: అచ్చులు ఒక్కటీ రాని పరిస్థితి మాటేమిటి?

అతిథి: వెల్ష్ భాషలో డబ్ల్యూ అచ్చుగా కూడా పనిచేస్తుంది. అందుకే కొండల నడుమ గిన్నెలా ఉండే లోయను తెలిపే సీ–డబ్ల్యూ–ఎం, ఒక పాత తంత్రీవాద్యం పేరైన సీ–ఆర్–డబ్ల్యూ–టీ–హెచ్ ఆటలోకి వచ్చాయి. చూడగానే ఎదుటివారికి అనుమానం కలిగే మాటలివి. అచ్చులే పేరుకుపోతే వీడ్కోలు చెప్పే ఏ–డీ–ఐ–ఈ–యూ ఒకేసారి నాలుగింటిని వదిలిస్తుంది.

నిర్వాహకురాలు: వీటన్నిటి అర్థాలూ గుర్తుపెట్టుకోవాలా?

అతిథి: ఆట కోసమైతే అక్కరలేదు. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. నావరకు అర్థం తెలిసిన మాటే మనసులో నిలుస్తుంది గనుక నేను అర్థంతోనే చదువుతాను.

నిర్వాహకురాలు: మరి పెద్ద మాటలను పూర్తిగా వదిలేయవచ్చా?

అతిథి: వదలకూడదు. చేతిలోని ఏడు అక్షరాలనూ ఒకేసారి వేస్తే అదనంగా 50 పాయింట్లు వస్తాయి. అందుకు విడివిడి మాటలకన్నా అక్షరాల కూర్పులను నేర్చుకోవడం మేలు. కంటి లోపలి పొరను తెలిపే రెటీనా అనే మాటలోని ఆరు అక్షరాలకు జీ చేరితే గ్రానైట్, ఇన్‌గ్రేట్, టేరింగ్ వంటివి, ఎస్ చేరితే రిటేన్స్, నాస్టియర్ వంటివి వస్తాయి. ఎస్ బిళ్లలు మొత్తం నాలుగే కాబట్టి, ఒకటి దొరికితే రెండు మూడు పాయింట్ల కోసం ఖర్చు చేయకండి.

నిర్వాహకురాలు: అనుమానం వచ్చిన మాటను సవాలు చేయడం గురించి కూడా చెప్పండి.

అతిథి: ఆటకు ముందే జాబితా ఏదో తేల్చుకోండి. సీ–హెచ్ అనే రెండక్షరాల మాట కాలిన్స్‌లో చెల్లుతుంది, ఉత్తర అమెరికా జాబితాలో చెల్లదు. అక్కడి పోటీల్లో దాన్ని వేసి సవాలుకు దొరికితే బిళ్లలు వెనక్కి తీసుకోవాలి, వంతు కూడా పోతుంది. అయితే చెల్లే మాటను తప్పని సవాలు చేస్తే, వంతు కోల్పోయేది సవాలు చేసినవారే.