బొగ్గు పొడి ఒక్కటే పేలుతుందా? బ్రూస్టన్ గని చెప్పిన జవాబు

[స్క్రీన్ మీద: పాత నలుపు తెలుపు ఫోటో. కొండవాలులో గని ద్వారం.]

ఈ గని ఉన్నది అమెరికాలో, పిట్స్‌బర్గ్ దగ్గర బ్రూస్టన్‌లో. తవ్వించింది ప్రభుత్వం. బొగ్గు అమ్ముకోవడానికి కాదు, కావాలని పేల్చి చూడటానికి.

ఆ అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే 1907 డిసెంబర్‌కి వెళ్లాలి. 6వ తేదీన వెస్ట్ వర్జీనియాలోని మోనంగాలో పేలుడు జరిగి 362 మంది చనిపోయారు. రెండు వారాలు తిరక్కముందే 19న పెన్సిల్వేనియాలోని డార్ గనిలో 239 మంది పోయారు. అంతకు ముందు ఏడాది ఫ్రాన్స్‌లోని కూరియేర్‌లో అయితే 1,099 మంది. ఇక ఊరుకుంటే లాభం లేదని 1910లో అమెరికా ప్రభుత్వం బ్యూరో ఆఫ్ మైన్స్ అనే సంస్థను పెట్టింది. గనుల భద్రత, ఇంధనాల మీద పరిశోధన దాని పని. మొదటి డైరెక్టర్ జోసెఫ్ హోమ్స్.

అప్పట్లో గనుల వాళ్ల మధ్య పెద్ద వాదన ఉండేది. పేలేది మీథేన్ గ్యాసే, గ్యాస్ లేని గనికి భయం లేదని చాలామంది గట్టిగా నమ్మేవారు. 1911 అక్టోబర్ 30న బ్యూరో జనాన్ని బ్రూస్టన్‌కి పిలిచింది. గనిలో బొగ్గు పొడి పరిచి, మందుగుండుతో అంటించారు. మంట గని నోట్లోంచి బయటికి తన్నుకొచ్చింది. వాదన అక్కడితో తేలిపోయింది.

[స్క్రీన్ మీద: గని దారి బొమ్మ. ముందు గాలి తోపు, వెనక మంట.]

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో నెమ్మదిగా చూద్దాం. నేల మీద పడి ఉన్న బొగ్గు పొడి దానంతటది పేలదు. గాలిలోకి లేవాలి. ఎక్కడో కొంచెం గ్యాస్ అంటుకుంటుంది, లేదా బ్లాస్టింగ్ సరిగా జరగదు. ఆ దెబ్బకి పుట్టిన గాలి తోపు మంటకంటే ముందు పరిగెత్తి, నేల మీద, గోడల మీద ఉన్న పొడిని లేపుతుంది. వెనకే వచ్చే మంటకు అదే మేత. అది మండి ఇంకో తోపు, ఆ తోపు ఇంకొంత పొడిని లేపడం... ఇలా కిలోమీటర్ల దూరం పోతుంది. చిన్న మంటగా మొదలైనది గనినంతా చుట్టేస్తుంది. దూరంగా పనిచేస్తున్నవాళ్లు మంట తగలకపోయినా, ఆ తర్వాత నిండే కార్బన్ మోనాక్సైడ్‌కి చనిపోతారు.

దీనికి మందు చాలా చవక. సున్నపురాయి పొడి. బొగ్గు పొడి మీద అది చల్లి ఉంటే, తోపు వచ్చినప్పుడు రెండూ కలిసే లేస్తాయి. రాతి పొడి మండదు, పైగా వేడిని లాగేసుకుంటుంది. మంట ముందుకు పోలేక ఆగిపోతుంది. ఎంత చల్లితే ఆగుతుందో బ్రూస్టన్‌లో మళ్లీ మళ్లీ పేల్చి లెక్క తేల్చారు.

మరి ఇంత తెలిశాక కూడా మనుషులు ఎందుకు చనిపోయారు? నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. 1910 చట్టం బ్యూరోకి పరిశోధించమని చెప్పింది గానీ గనులను తనిఖీ చేసే అధికారం ఇవ్వలేదు. యజమాని ఒప్పుకోకపోయినా గనిలోకి వెళ్లే హక్కు 1941లో వచ్చింది. వెళ్లి లోపాలు రాయొచ్చు, అంతే. సరిదిద్దించే బలం లేదు.

[స్క్రీన్ మీద: సెంట్రేలియా, ఇల్లినాయ్, 1947 మార్చి 25.]

సెంట్రేలియా గనిలో రాతి పొడి సరిగా చల్లడం లేదని రిపోర్టులు వస్తూనే ఉన్నాయి. 1946లో నలుగురు యూనియన్ కార్మికులు తమ ప్రాణాలు కాపాడమని గవర్నర్‌కి ఉత్తరం రాశారు. ఏడాదికి పేలుడు. 111 మంది చనిపోయారు. ఉత్తరం రాసిన నలుగురిలో ముగ్గురు అందులో ఉన్నారు. ప్రమాదం ముంచుకొస్తోందనుకుంటే గనిని ఆపించే అధికారం 1952లో గానీ రాలేదు.

1969 చట్టం కార్మికులు పనిచేసే చోటికి తాజా గాలి వచ్చే దారుల్లో, అక్కడున్న మొత్తం పొడిలో మండని పొడి 65 శాతం ఉండాలంది. ఆ లెక్కకు ఆధారం 1920లలో కొలిచిన బొగ్గు పొడి. తర్వాత యంత్రాలు పెద్దవయ్యాయి, పొడి ఇంకా మెత్తగా రావడం మొదలైంది. మెత్తటి పొడి త్వరగా లేస్తుంది, త్వరగా అంటుకుంటుంది. బ్యూరో 1996లో మూతపడినా దాని భద్రతా పరిశోధన నయాష్ అనే ప్రభుత్వ సంస్థకు వెళ్లింది. ఈ తేడాను పట్టుకుని, 80 శాతం ఉండాలని చెప్పింది వాళ్లే. 2010 ఏప్రిల్‌లో అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మంది చనిపోయాక, అదే ఏడాది ఆ 80 శాతం రూల్ అయింది.

రాతి పొడి సరిపడా కలిసిందో లేదో ల్యాబ్ రిపోర్టు కోసం రోజుల తరబడి ఆగకుండా, అక్కడికక్కడే చూసుకునే చేతి మీటర్ కూడా నయాష్ తయారుచేయించింది. నాకైతే ఇది చాలా గొప్ప పని అనిపిస్తుంది.

మన దేశంలోనూ 1965 మే 28న ధోరీ గనిలో పేలుడు 268 మందిని పొట్టన పెట్టుకుంది. గనుల భద్రతను ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చూస్తుంది. అండర్‌గ్రౌండ్ బొగ్గు గనుల్లో స్టోన్ డస్ట్, అంటే ఈ రాతి పొడి చల్లడం నిబంధనల్లో ఉన్న పని. సింగరేణి అండర్‌గ్రౌండ్‌లో పనిచేసే అన్నలకు ఇది కొత్త కాదు.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. నిన్న తెల్లగా చల్లిన చోట ఇవాళ బొగ్గు మోసే బెల్ట్ పక్కన మళ్లీ నల్లటి పొర కడుతుంది. తోపుకి ముందు లేచేది పైన ఉన్న ఆ కొత్త పొరే. అది కాగితమంత మందం, అంటే 0.12 మిల్లీమీటర్లు ఉన్నా పేలుడు ముందుకు సాగుతుందని ప్రయోగాల్లో తేలింది. కింద ఎంత రాతి పొడి ఉన్నా అప్పుడు సరిపోదు. అలాంటి పొర కనిపిస్తే ఓవర్‌మన్‌కి, అంటే గనిలో పని చూసే సూపర్‌వైజర్‌కి చెప్పి, మళ్లీ చల్లించండి.