ఒకే రౌటరు మీద రెండు నెట్‌వర్కులు, మధ్యలో గట్టు

అందరికీ నమస్కారమండి. ఈ హాల్లో సగం మంది ఊళ్లల్లో నెట్ కనెక్షన్లు వేసేవాళ్లే, మిగతావాళ్లు రేపో మాపో ఈ పనిలోకి వచ్చేవాళ్లు. అందుకని నేరుగా ఓ దుకాణం దగ్గర మొదలెడతాను.

మా ఊళ్లో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే బిల్డింగు. కింద అన్నగారి రొయ్యల మేత దుకాణం: బిల్లింగు కంప్యూటరు, ప్రింటరు, కెమెరాల డీవీఆర్. పైన తమ్ముడి కంప్యూటర్ సెంటరు. ఫైబర్ కనెక్షను ఇద్దరికీ కలిపి ఒక్కటే. "ఇద్దరికీ నెట్ రావాలి, మా లెక్కలు మాత్రం పైకి కనపడకూడదు బాబూ" అన్నారు అన్నగారు. నేను రౌటరు ఒకటో పోర్టుకి కింది స్విచ్ (సిస్టమ్‌లన్నిటినీ ఒకే నెట్‌వర్కులో కలిపే డబ్బా), రెండో పోర్టుకి పై స్విచ్ తగిలించి, రెండు చోట్లా నెట్ వస్తోందని చూసుకుని డబ్బులు తీసుకుని వచ్చేశాను. నాలుగో రోజున పైన ఓ కుర్రాడు కొట్టిన ప్రింటు కింద మేత బిల్లుల మధ్యలోంచి బయటకొచ్చింది. హాల్‌టికెట్టు. అన్నగారు నన్ను పిలిచి ఆ కాగితం చేతిలో పెట్టారు, ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

జరిగిందేమిటంటే, ఇళ్లల్లో వాడే మామూలు రౌటరుకి వెనక కనపడే నాలుగు లాన్ పోర్టులూ లోపల ఒకటే స్విచ్. పోర్టులు వేరైనా నెట్‌వర్కు ఒకటే. రొయ్యల చెరువు పక్కన వరి చేను ఉన్న రైతుని అడగండి, గట్టు వేశాం కదా అనుకుంటే ఉప్పు అడుగు నుంచి ఎలా ఊరుతుందో చెబుతాడు. పైన ఓ సిస్టమ్‌కి పట్టిన వైరస్ కింది లెక్కల్లోకి దిగడమూ అంతే.

సరే, వేరు చెయ్యాలంటే? పోర్టుకో నెట్‌వర్కు ఇవ్వగలిగే రౌటరు కావాలి. మైక్రోటిక్ కంపెనీ రౌటర్ల లాంటివి అలా చేస్తాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించిన చిన్న రౌటర్లలో కూడా చాలావాటితో అవుతుంది. కింద 192.168.1, పైన 192.168.2 చిరునామాల వరస ఇవ్వండి. ఒక్కో వరసలో 254 చిరునామాలు వస్తాయి, వాటిని సిస్టమ్‌లకి పంచే డీహెచ్‌సీపీ దేనిది దానికే. పాత నెట్‌వర్కులు రెండూ 192.168.1 లోనే ఉంటే ఒకదాన్ని మార్చక తప్పదు. అప్పుడు అందరూ మరిచిపోయేవి ప్రింటరు, డీవీఆర్. వాటికి ఎప్పుడో చేత్తో కొట్టిన పాత నంబరే ఉండిపోతుంది. బయటకు వెళ్లేటప్పుడు మాత్రం అందరిదీ ఒకటే పబ్లిక్ చిరునామా. ఎవరి జవాబు ఎవరికి తిరిగివ్వాలో పోర్టు నంబర్లతో (వెనక తీగ తగిలించే పోర్టులు కావు, ఒక్కో కనెక్షనుకి వేసే నంబర్లు) రౌటరే గుర్తుపెట్టుకుంటుంది. దాన్నే నాట్ అంటాం.

ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. కాలేదండి. రౌటరు పుట్టిందే నెట్‌వర్కుల్ని కలపడానికి. రెండు వరసలూ తనకే తగిలి ఉన్నాయి కాబట్టి, మనం వద్దనకపోతే ఇటువి అటు పంపుతూనే ఉంటుంది. నంబర్లు మారితే గట్టు పడదు, ఏది పోనివ్వాలో ఏది ఆపాలో చూసే ఫైర్‌వాల్‌లో నియమం రాస్తేనే పడుతుంది. ఫార్వర్డ్ దగ్గర, అంటే రౌటరు గుండా ఇటు నుంచి అటు పోయేవాటి దగ్గర, పై నుంచి కిందకీ, కింద నుంచి పైకీ కొత్త కనెక్షన్లు ఆపెయ్యాలి. నెట్ నుంచి తిరిగొచ్చే జవాబుల్ని ఆపకూడదు. ఇంకో నియమం ఇన్‌పుట్ దగ్గర, అంటే నేరుగా రౌటరుకే వచ్చేవాటి దగ్గర రాయాలి. పైవాళ్లు రౌటరు సెట్టింగుల పేజీ తెరవలేకుండా చెయ్యాలి. డీఎన్ఎస్ (సైటు పేరుకి చిరునామా చెప్పేది), డీహెచ్‌సీపీ మాత్రం అందనివ్వాలి. ఈ రెండోది రాయనివాళ్లనే నేను ఎక్కువ చూశాను. పేజీ తెరిచి పాస్‌వర్డు కనిపెట్టిన కుర్రాడికి మన గట్టు ఓ లెక్కా?

"రెండో రౌటరు కొని మొదటిదాని వెనక పెడితే సరిపోదా" అని అడుగుతారు. వెనక ఉన్నవాళ్లు ముందు ఉన్నవాళ్లని చూడగలరు, ముందువాళ్లు వెనకవాళ్లని చూడలేరు. కంప్యూటర్ సెంటర్ని వెనక పెడితే మనం కోరినదానికి సరిగ్గా తలకిందులు. తప్పనిసరైతే దుకాణాన్ని వెనక పెట్టండి.

రెండు నెట్‌వర్కులకీ కలిపి ఒక్క కేబులే వేసే వీలుంటే వీలాన్ వాడుకోవచ్చు, అంటే ఒకే తీగ మీద రెండిటినీ విడివిడిగా నడిపే పద్ధతి. పి.గన్నవరం అక్విడక్టు మీద నిలబడి చూసే ఉంటారు, కింద వైనతేయ, పైన పంట కాలువ. రెండూ ఒకేచోట దాటతాయి, కలవవు. వీలాన్‌లో ప్రతి ఫ్రేముకీ, అంటే తీగ మీద వెళ్లే ప్రతి డేటా ముక్కకీ, ఓ నంబరు తగిలిస్తారు. అది 12 బిట్లది, వాడుకోదగ్గవి 4094. కాకపోతే రెండు చివరలా ఆ నంబరు చదవగలిగే స్విచ్ ఉండాలి.

స్పీడు మాట ఒక్కటి. పైన పిల్లలు డౌన్‌లోడ్లు పెడితే కింద బిల్లు కదలదు. దాళ్వాలో కాలువ నీళ్లకి వంతులు వేసినట్టు, రౌటర్లో ఎవరి వాటా వారికి కట్టేయండి.

ఆ హాల్‌టికెట్టు తర్వాత నేను ఏ పని ముగించినా, నెట్ వచ్చిందా అని చూసి ఊరుకోను. పై సిస్టమ్ దగ్గర కూర్చుని కింది ప్రింటరుకి పింగ్ కొడతాను (ఉన్నావా అని అడిగి జవాబు కోసం చూడటం), కింద కూర్చుని పైకి కొడతాను, ఆ తర్వాత మళ్లీ పై సిస్టమ్ నుంచి రౌటరు పేజీ తెరవబోతాను. మూడు చోట్లా జవాబు రాకూడదు. ఈ బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు, ఓ రౌటరు ఉన్నాయి. ముందు ఫైర్‌వాల్ నియమం తీసేసి కొడదాం, తర్వాత పెట్టి కొడదాం. ముందు వరసలోంచి ఇద్దరు రండమ్మా, కీబోర్డు మీరే పట్టుకోండి.