సందేహం కూడా ఆయనకే చెప్పుకోవచ్చు

శ్రోతలకు నమస్కారం.

దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకోని సంగతి ఒకటుంది. రోజూ దీపం పెట్టేవాళ్ళకైనా, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాళ్ళకైనా, అయిదు పూటలా నమాజు చేసేవాళ్ళకైనా ఎప్పుడో ఒకప్పుడు "అసలు అవతల వినేవాళ్ళున్నారా?" అనిపిస్తుంది. అనిపించగానే లెంపలు వేసుకుంటాం. పాపం చేశామేమోనని టెన్షన్ పడతాం. అంత భయం అక్కర్లేదని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

పోతన భాగవతంలో గజేంద్ర మోక్షం మనందరికీ తెలుసు. మొసలి పట్టు వదలదు, ఏనుగు ఒంట్లో సత్తువ అయిపోయింది. అప్పుడు మొదలుపెట్టిన ప్రార్థనని ఒకసారి వరసగా చదవండి. ముందు గొప్ప వేదాంతం. ఈ జగమంతా ఎవరి వల్ల పుట్టిందో, ఎవరిలో లీనమవుతుందో ఆయన్నే శరణంటాడు. లోకాలన్నీ పోయాక మిగిలే పెంజీకటికి అవతల వెలిగేవాణ్ణి సేవిస్తానంటాడు. అంత తెలిసినవాడే కాసేపటికి "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటాడు. ఉన్నాడు ఉన్నాడంటున్నారే, ఉన్నాడా, లేడా?

సరే, కష్టంలో ఆ మాట వచ్చింది, తర్వాత నమ్మకం కుదిరింది అనుకుంటాం. "లావొక్కింతయు లేదు" పద్యంలో "నీవే తప్ప నితఃపరంబెరుగ" అని పూర్తిగా లొంగిపోతాడు కూడా. కథ అక్కడ ముగియాలి కదా! ముగియదు. ఆ వెంటనే వచ్చే పద్యం చూడండి. జీవుల మాటలు వింటాడట, వెళ్ళరాని చోటికైనా వెళతాడట, శరణన్నవాళ్ళు పిలిస్తే ఓయ్ అంటాడట, అన్నీ చూస్తాడట... "సందేహమయ్యె కరుణావార్ధీ!"

శరణాగతి అయిపోయాక మళ్ళీ సందేహం! ఆ సందేహాన్ని ఎవరికి చెప్పుకుంటున్నాడు? కరుణాసముద్రుడా అని పిలిచి, ఉన్నాడో లేడోనని తాను అనుమానపడుతున్న ఆయనకే. ఈ పద్యం చదివిన ప్రతిసారీ నాకు కళ్ళు చెమరుస్తాయి. విష్ణువు వచ్చాడు, లక్ష్మీదేవికైనా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. "నన్నే అనుమానిస్తావా" అని నిలదీయలేదు. ఉన్నానని వాదించనూ లేదు.

మొసలిని చంపిన ఆ విష్ణుచక్రం అందరికీ రాదు, నిజమే. గోల్కొండ చెరలో కంచర్ల గోపన్న, అదే మన భక్త రామదాసు, ఏళ్ళ తరబడి మగ్గాడు. భద్రాద్రి రాముడికి గుడి కట్టించి, సీతమ్మకి చింతాకు పతకం చేయించి, చివరికి దెబ్బలు తిన్నాడు. ఎవరి సొమ్మని కులుకుతున్నావయ్యా అని రాముణ్ణే తిట్టాడు. ఆ తిట్లని మనం ఇవాళ్టికీ గుళ్ళో భక్తితో పాడుకుంటున్నాం.

మరి ఇళ్ళల్లో మాత్రం అడగనివ్వం. ఎదిగిన కొడుకు పోయిన ఒక ఇంటికి పరామర్శకి వెళ్ళాను. "ఏం పాపం చేశానని నాకీ శిక్ష?" అని ఆ తల్లి అడుగుతోంది. వచ్చినవాళ్ళు తలా ఒక జవాబు ఇస్తున్నారు. పూర్వజన్మ కర్మ అన్నారొకరు. మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకుపోతాడన్నారు ఇంకొకరు. మనసు మంచిదే, కాదనను. కానీ ఆ జవాబులు చెప్పేవాళ్ళ కంగారు తగ్గించడానికే పనికొస్తాయి. ఋగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తం, ఈ సృష్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో పైనుండి చూసేవాడికి తెలుసునేమో, లేక ఆయనకీ తెలియదేమో అని ఆగిపోయింది. ఋషి ఆగిన చోట ఆగడానికి మనకి నామోషీ ఎందుకు?

నా వంతు వచ్చినప్పుడు "నాకూ తెలియదమ్మా" అన్నాను. అప్పటిదాకా ముక్కలుగా మాట్లాడిన ఆవిడ దేవుడి పటం వైపు తిరిగి, పేరు పెట్టి పిలిచి మరీ గట్టిగా తిట్టింది. పక్కనున్న పెద్దాయన వారించబోతే, ఆవిడ అత్తగారు చెయ్యి అడ్డం పెట్టి, "అననీయండి, ఆయనతోనే కదా అంటోంది" అన్నారు.

నమస్కారం.